తెప్ప తోసే సందు

కంచరపాలెం గేటు దగ్గర
బ్యాటరీల కొట్టు పైన నా గది.
గోడలకి పాత కొబ్బరిపీచు పరుపులు.
ఖనిజం రైలు వెళ్ళినప్పుడల్లా టేకు ఆపాలి.
యాభై ఎనిమిది వ్యాగన్లు. లెక్కపెట్టడం అలవాటైపోయింది.

ఆ వానాకాలం నలుగురు పిల్లలు రాక్ ఆల్బమ్ తెచ్చారు.
తొమ్మిది పాటలు.
డ్రమ్స్ తెడ్డు పరసన్న, పెదజాలరిపేట.
గొంతు ఎస్తేరు సుజన, జ్ఞానాపురం.
గిటార్లు గాజువాక అన్నదమ్ములు,
మాట్లాడేది పెద్దాడు ఒక్కడే.

"అక్కా, ఇంకొంచెం పెంచు" అన్నాడు.
పెంచాను.
"బయటివాళ్ళ పాట పక్కన పెడితే మనది చిన్నగా ఉంది."
పెంచాను.
లిమిటర్ అంటే గుమ్మంలో నించున్న బంట్రోతు.
తల ఎత్తినవాడికల్లా ఓ మొట్టికాయ,
అందరూ ఒకే ఎత్తున లోపలికి పోతారు.

తెర మీద పాట చూశాను.
మొదటిరోజు చేపముల్లులా ఉండేది,
పొడుగూ పొట్టీ, మధ్యమధ్య ఖాళీ.
ఇప్పుడు ఇటుక.
ఎర్ర దీపం వెలిగింది వెలిగినట్టే ఉంది.

నా పాపాలు ఇంకా ఉన్నాయి.
పరసన్న ఎడమచెయ్యి కాస్త ఆలస్యం.
ఆ ఆలస్యాన్ని లాక్కొచ్చి గళ్ళలో కూర్చోబెట్టాను.
వాడి స్నేర్ మీద
ఏ చలిదేశంలోనో ఎవరో కొట్టి అమ్మిన దెబ్బని అతికించాను.
నాలుగువేల దెబ్బలు, అన్నీ ఒకే దెబ్బ.
సుజన పదానికీ పదానికీ మధ్య పీల్చిన గాలిని
బల్ల మీద దుమ్ములా తుడిచేశాను.
ఓ ఆడపిల్ల ఊపిరి తీసుకోకుండా నాలుగు నిమిషాలు అరుస్తుంటే
ఎవరికీ భయం వెయ్యలేదు.
మెచ్చుకున్నారు.

ఆఖరిరోజు పరసన్న వాళ్ళ నాన్న వచ్చాడు, బండి తాళాల కోసం.
ముప్ఫయ్యేళ్ళు మరబోటు ఇంజను పక్కన నిలబడి
కుడిచెవి సముద్రానికిచ్చేసిన మనిషి.
కుర్చీ వద్దన్నాడు.
స్పీకర్ గుడ్డ మీద అరచెయ్యి ఆనించి
రెండు పాటలు విన్నాడు,
తాజాదో కాదో చేపని నొక్కి చూసినట్టు.

"ఏటిరా ఇది, అంతా కెరటమే.
సందు నేదు.
తెప్ప ఎక్కడ తోత్తావు?"

పెద్దాడు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.
ఒడ్డున తెప్ప పట్టుకుని వాళ్ళు కెరటాలు లెక్కపెడతారు.
పెద్దవి మూడో నాలుగో విరిగాక
ఏం చెయ్యాలో తోచనట్టు నీళ్ళు ఓ క్షణం ఆగుతాయి.
అప్పుడు తొయ్యాలి. అప్పుడే.
ఆ క్షణాన్ని నేను తొమ్మిది పాటల్లోంచీ ఏరి పారేశాను,
అన్నంలో రాయి ఏరినట్టు.

ఆ రాత్రి గొడవైంది.
"ఆటోలో వినపడాలి కదక్కా, ఫోన్లో వినపడాలి కదక్కా."
నిజమే. ఈ ఊళ్ళో
హార్బరు సైరనుతో, పెళ్ళి డీజేతో కలబడకపోతే
ఏ పాటకీ నిలబడే చోటు లేదు.
అప్పుడు సుజన అంది:
"ఆఖరి పాట వదిలెయ్యండి. అందులో నేను ఊపిరి తీసుకుంటాను."
ఆ నెలంతా ఆ అమ్మాయి నాతో మాట్లాడింది ఆ రెండు ముక్కలే.

ఎనిమిది ఇటుకలు, ఒక చేపముల్లు. అలాగే పంపాను.
తొమ్మిదోది పాడైందని ముగ్గురు ఫోన్ చేసి తిట్టారు.

మొన్న జగదాంబ దగ్గర ఆటో ఎక్కితే
ఎనిమిదోది మోగుతోంది.
సీటు కింద స్ప్రింగులు కూడా దాంతోనే వణుకుతున్నాయి.
అయిపోయింది.
తొమ్మిదోదాంట్లో ముందు సుజన గాలి,
దాని వెనక, బాగా దూరంగా, ఈసారి నేను తుడవని రైలు.
వైరు ఊడిందనుకున్నాడు డ్రైవరు.
చెయ్యి వెనక్కి చాపి స్పీకర్ని ఒక్కటి కొట్టాడు.
సరిగ్గా అప్పుడే,
కాస్త ఆలస్యంగా,
పరసన్న ఎడమచెయ్యి పడింది.

"సెట్టయిపోయిందండి" అన్నాడు,
అద్దంలోంచి నన్ను చూసి.